ప్రశ్నలు – జవాబులు: ప్రామాణికం కాని బస్‌ను లినక్స్ కెర్నెల్‌లో ఇమిడ్చేదెలా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే చిక్కు గురించి. బోర్డు ఉంది, పరికరాలను కలిపే తీగలు (బస్) ఉన్నాయి, వాటి మీద నడిచే భాష మాత్రం ఏ ప్రామాణిక పుస్తకంలోనూ ఉండదు. దాన్ని కెర్నెల్‌కు (హార్డ్‌వేర్‌ను నడిపే లినక్స్ మూల ప్రోగ్రామ్‌కు) ఎలా నేర్పాలన్నదే అందరి ప్రశ్న. సిరిసిల్ల పాఠకుడి ఉత్తరంలో ఈ విషయం అన్ని వైపుల నుంచీ ఉంది కాబట్టి దానికే ఎక్కువ చోటు ఇచ్చాం.

ప్రశ్న (సిరిసిల్ల నుంచి): సార్, మా షెడ్డుల 40 సాంచెలు (మరమగ్గాలు) ఉన్నయి. ప్రతి సాంచెకు ఒక చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు పెట్టించినం. కొన్ని పిక్కులు (అడ్డపోగు పడిన సార్లు) లెక్కబెడతయి, కొన్ని పోగు తెగితే చెప్తయి, కొన్ని కరెంటు కొలుస్తయి. అన్నీ ఒకే జత తీగల మీద, ఆర్‌ఎస్-485 (పొడవాటి తీగల సీరియల్ పద్ధతి)లో, 38,400 బాడ్ (సెకనుకు అన్ని బిట్లు) వేగంతో నడుస్తయి. బోర్డులు చేసినాయన 9 బిట్ల పద్ధతి పెట్టిండు: అడ్రస్ బైటుకు తొమ్మిదో బిట్ 1, మిగతా బైట్లకు 0. రాస్ప్‌బెర్రీ పై మీద ఒకటే క్యారెక్టర్ డ్రైవర్ (ఫైలులా తెరిచి చదివే రకం) రాసి అంతా అందులోనే పెట్టినం. కొత్త రకం బోర్డు వచ్చినప్పుడల్లా డ్రైవర్ మొత్తం కదిలించాల్సి వస్తున్నది. కొత్త బస్ టైప్ (పరికరాలను, డ్రైవర్లను జత కలిపే కెర్నెల్ ఏర్పాటు) రాయమని ఒకరు, కెర్నెల్ జోలికే పోవద్దని ఇంకొకరు అంటున్నరు. ఏం చేయాలె?

జవాబు: కొత్త బస్ టైప్ రాసే ముందు మూడు విషయాలు చూడాలి. తీగ మీద ఒకటి కంటే ఎక్కువ రకాల పరికరాలున్నాయా? ఒక్కో రకానికి వేరే డ్రైవర్ అవసరమా? అదే ప్రోటోకాల్ వేర్వేరు హోస్ట్ హార్డ్‌వేర్‌ల మీద నడవాలా? మూడింటికీ ‘కాదు’ అంటే బస్ టైప్ అనవసరం. నలభై బోర్డులూ ఒకే రకమై, లెక్కలు తెర మీద చూసుకోవడమే పని అయితే యూజర్ స్పేస్‌లో (కెర్నెల్ బయట) ఒక డెమన్ (వెనక నడిచే ప్రోగ్రామ్) చాలు. అందులో తప్పేమీ లేదు. బోర్డులో ఉన్నవి కేవలం రిజిస్టర్లే అయితే రెగ్‌మ్యాప్‌కు (రిజిస్టర్లు చదివి రాసే కెర్నెల్ లైబ్రరీ) మీ సొంత రీడ్, రైట్ ఫంక్షన్లు అందిస్తే సగం పని అయిపోయినట్టే. ఆ రిజిస్టర్ల మీద ఆధారపడే చిన్న డ్రైవర్లను ఎంఎఫ్‌డీ (ఒకే పరికరంలోని పలు పనులను విడదీసే ఏర్పాటు) సెల్స్‌గా తగిలించవచ్చు.

మీ దగ్గర ఇప్పటికే మూడు రకాల బోర్డులున్నాయి, ఇంకా వస్తున్నాయి. ఈ రోజు రాస్ప్‌బెర్రీ పై మీదున్న యూఆర్ట్ (సీరియల్ పోర్టు హార్డ్‌వేర్), రేపు యూఎస్‌బీ అడాప్టర్ కావచ్చు. కాబట్టి బస్ టైప్ రాయడం ఇక్కడ సబబే. అయితే డ్రైవర్‌ను మూడు పొరలుగా విడదీయాలి. అడుగున కంట్రోలర్ డ్రైవర్. దానికి తెలిసింది ఒక్కటే: ‘ఈ అడ్రస్‌కు ఈ బైట్లు పంపు, ఇంత గడువులో జవాబు తెచ్చివ్వు’. మధ్యలో కోర్. ఎవరు ముందు, ఎవరు తర్వాత అని వరుస చూడటం, తాళం వేయడం, ఏ బోర్డుకు ఏ డ్రైవరో జత కలపడం దాని పని. పైన బోర్డు డ్రైవర్లు. పిక్కుల బోర్డు కౌంటర్ సబ్‌సిస్టమ్‌లోకి, కరెంటు బోర్డు హెచ్‌డబ్ల్యూమాన్ (హార్డ్‌వేర్ కొలతల సబ్‌సిస్టమ్)లోకి, పోగు తెగిన సంగతి చెప్పే బోర్డు ఇన్‌పుట్ సబ్‌సిస్టమ్‌లోకి పోవాలి. సొంత ఐఓసీటీఎల్ (డ్రైవర్‌కు పంపే ప్రత్యేక ఆదేశం) నంబర్లు పెట్టుకుంటే మీ డ్రైవర్‌తో మీ ప్రోగ్రామ్ ఒక్కటే మాట్లాడగలదు. హెచ్‌డబ్ల్యూమాన్‌లోకి పోతే సెన్సర్స్ కమాండ్ ఆ రోజు నుంచే మీ ఆంపియర్లు చూపిస్తుంది.

నమూనా కావాలంటే కెర్నెల్ సోర్సులో డ్రైవర్స్ కింద సియాక్స్ అనే ఫోల్డర్ తెరవండి. జర్మనీలోని ఎకెల్‌మాన్ సంస్థ సొంత ఫీల్డ్ బస్ అది. 2018లో వచ్చిన 4.16 కెర్నెల్‌లో చేరింది. పరికరాలన్నీ షిఫ్ట్ రిజిస్టర్ గొలుసులా ఉంటాయి. కంట్రోలర్ ఇవ్వాల్సిన ముఖ్యమైన ఫంక్షన్ ఒక్కటే, పేరు పుష్‌పుల్. పరికరాల డ్రైవర్లు ఇచ్చేవి రెండు: సెట్_డేటా, గెట్_డేటా. కంట్రోలర్‌ను నాలుగు జీపీఐఓ (ప్రోగ్రామ్ నేరుగా ఆడించే) పిన్నులతో నడిపే డ్రైవర్ కూడా పక్కనే ఉంది. పొరలు ఎక్కడ విడదీయాలో తెలియాలంటే అంతకంటే చిన్న ఉదాహరణ కెర్నెల్‌లో దొరకడం కష్టం. ఐ2సీ (చిప్పుల మధ్య రెండు తీగల బస్) కోర్ చదివి నేర్చుకుందామంటే పాత బరువు చాలా ఉంటుంది. మొదట దాని జోలికి పోకండి.

ఇక రాసే వరుస. మాడ్యూల్ మొదలవగానే బస్_రిజిస్టర్ పిలవాలి. కోర్‌ను కెర్నెల్‌లోనే కలిపి కడితే దాన్ని సబ్‌సిస్_ఇనిట్‌కాల్ స్థాయిలో పెట్టండి. లేకపోతే కంట్రోలర్ డ్రైవర్ ముందు లేచి, ఇంకా లేని బస్ మీద పరికరం తగిలించబోతుంది. మ్యాచ్ ఫంక్షన్‌లో ముందు డివైస్ ట్రీ (బోర్డు మీదేముందో కెర్నెల్‌కు చెప్పే ఫైలు)లోని కంపాటిబుల్ పేరు చూడాలి, ఆ తర్వాతే ఐడీ పట్టిక. మాడ్యూల్ దానంతటదే లోడ్ కావాలంటే యూఈవెంట్ (పరికరం వచ్చిందని కెర్నెల్ పంపే కబురు)లో మాడ్‌అలియాస్ (ఏ మాడ్యూల్ కావాలో చెప్పే పేరు) ఇవ్వాలి. డివైస్ ట్రీ పేర్లకైతే అందుకు తయారు ఫంక్షన్ ఉంది. మీ సొంత ఐడీ పట్టిక కూడా పనిచేయాలంటే స్క్రిప్ట్స్ కింది మాడ్ ఫోల్డర్‌లో ఫైల్2అలియాస్ అనే ఫైల్లో మీ బస్‌ను చేర్చాలి. బయటి మాడ్యూల్‌గా ఉన్నంత కాలం అది కుదరదు, కాబట్టి డివైస్ ట్రీతోనే సరిపెట్టుకోండి.

చాలామంది దెబ్బతినేది పరికరం ఆయుష్షు దగ్గర. మీ స్ట్రక్చర్‌లో స్ట్రక్ట్ డివైస్‌ను పొదిగిన క్షణం నుంచి ఆ మెమరీ మీది కాదు, రిఫరెన్స్ లెక్కది (ఎంతమంది వాడుతున్నారో చూసే లెక్క). విడుదల చేయాల్సింది రిలీజ్ ఫంక్షన్‌లోనే. రిలీజ్ ఇవ్వకపోతే ‘ఈ పరికరానికి రిలీజ్ ఫంక్షన్ లేదు, ఇది చెడిపోయింది, సరిచేయాలి’ అని కెర్నెల్ లాగులో అరుస్తుంది. ఆ హెచ్చరికను అణచడానికి ఖాళీ రిలీజ్ పెట్టడం ఇంకా పెద్ద తప్పు. డివైస్_రిజిస్టర్ విఫలమైనప్పుడు కేఫ్రీ (మెమరీని నేరుగా వదిలేది) పిలవకూడదు, పుట్_డివైస్ (రిఫరెన్స్ తగ్గించేది) పిలవాలి. కంట్రోలర్ ఊడినప్పుడు ముందు పిల్ల పరికరాలన్నిటినీ అన్‌రిజిస్టర్ చేసి, ఆ తర్వాతే కంట్రోలర్‌ను తీయాలి. యూఎస్‌బీ అడాప్టర్‌ను పని మధ్యలో పీకేస్తే జరిగేది ఇదే. జవాబు కోసం ఎదురుచూస్తున్న బోర్డు డ్రైవర్‌కు లోపం సంకేతం ఇచ్చి నిద్ర లేపకపోతే రిమూవ్ ఎప్పటికీ ముగియదు.

ఇవన్నీ బల్ల మీదే పట్టుకోవచ్చు. పరీక్ష కెర్నెల్‌లో డీబగ్_కేఆబ్జెక్ట్_రిలీజ్, డీబగ్_అటామిక్_స్లీప్, ప్రూవ్_లాకింగ్, కేశాన్ అనే నాలుగు తనిఖీ ఆప్షన్లూ ఆన్ చేసి కట్టండి. మొదటిది రిలీజ్‌ను కావాలనే ఆలస్యం చేస్తుంది, దాంతో తొందరపడి విడుదల చేసిన మెమరీ బయటపడుతుంది. తర్వాత సిస్‌ఎఫ్‌ఎస్ (పరికరాలను ఫైళ్లుగా చూపే చోటు)లోని బైండ్, అన్‌బైండ్ ఫైళ్లతో డ్రైవర్‌ను రాత్రంతా లూపులో తగిలిస్తూ తీస్తూ ఉండండి. తెల్లవారి డీమెసేజ్ (కెర్నెల్ లాగు)లో హెచ్చరికలేవీ లేకపోతే షెడ్డులో పెట్టవచ్చు.

ఇప్పుడు తొమ్మిదో బిట్ సంగతి. మీ అసలు ఇబ్బంది ఇక్కడుందని మా నమ్మకం. యూఆర్ట్‌కు తొమ్మిదో బిట్ అంటే ప్యారిటీ (తప్పు పట్టేందుకు చేర్చే) బిట్టే. దాన్ని 1 దగ్గర బిగిస్తే మార్క్ ప్యారిటీ, 0 దగ్గర బిగిస్తే స్పేస్ ప్యారిటీ. టెర్మియోస్ (సీరియల్ పోర్టు సెట్టింగులు)లో సీఎంఎస్‌పీఏఆర్ ఫ్లాగుతో ఇది కుదురుతుంది. కానీ రాస్ప్‌బెర్రీ పై 3, 4 బోర్డుల్లో మామూలుగా పిన్నుల మీదికి వచ్చే మినీ యూఆర్ట్‌కు ప్యారిటీయే లేదు. పీఎల్011 యూఆర్ట్‌ను బ్లూటూత్ పట్టుకుని ఉంటుంది. కాన్ఫిగ్ ఫైల్లో డిసేబుల్-బీటీ ఓవర్‌లే (బ్లూటూత్‌ను ఆపే సెట్టింగు) పెట్టి దాన్ని వెనక్కి తెచ్చుకోవాలి.

యూఆర్ట్ వెనకున్న పరికరాలకు కెర్నెల్‌లో సరైన చోటు సెర్‌డెవ్. 2017లో 4.11 కెర్నెల్‌తో వచ్చింది. డివైస్ ట్రీలో యూఆర్ట్ నోడ్ కింద మీ బస్ కంట్రోలర్‌ను పిల్ల నోడ్‌గా రాస్తే వచ్చిన బైట్లు నేరుగా మీ ఫంక్షన్‌కు అందుతాయి. అయితే సెర్‌డెవ్ ఇచ్చే ప్యారిటీలు మూడే: లేదు, సరి, బేసి. మార్క్, స్పేస్ లేవు. ఆ జాబితాలో రెండు చేర్చి, టీటీవైపోర్ట్ ఫైల్లోని సెట్టింగ్ ఫంక్షన్‌లో రెండు కేసులు కలపాలి. చిన్న ప్యాచే, కానీ కెర్నెల్‌ను మీరే కట్టుకోవాల్సి వస్తుంది.

ప్యాచ్ వేసినా ఇంకో సమస్య ఉంటుంది. మీ ఫ్రేమ్ 11 బిట్లు: స్టార్ట్ 1, డేటా 8, తొమ్మిదోది 1, స్టాప్ 1. 38,400 బాడ్‌లో ఒక బైటుకు సుమారు 286 మైక్రోసెకన్లు. అడ్రస్ బైటు మార్క్‌లో పంపి, అది తీగ మీదికి పూర్తిగా వెళ్లాకే స్పేస్‌కు మారాలి. బైటు సగంలో ఉండగా మారిస్తే దాని ప్యారిటీ పాడవుతుంది. పూర్తిగా వెళ్లిందా అని కనిపెట్టే వెయిట్_అంటిల్_సెంట్ ఫంక్షన్ లోపల కనీసం ఒక జిఫీ (కెర్నెల్ గడియారంలో ఒక టిక్కు) నిద్రపోతుంది. హెచ్‌జెడ్ (సెకనుకు టిక్కులు) 250 అయితే 4 మిల్లీసెకన్లు, 100 అయితే 10. నిద్ర లేచేటప్పటికి రెండు జిఫీలు కూడా కావచ్చు. అంటే 286 మైక్రోసెకన్ల బైటు తర్వాత అనేక మిల్లీసెకన్ల ఖాళీ. బోర్డులో బైట్ల మధ్య గడువు 5 మిల్లీసెకన్లే ఉంటే అది విసిగి ఫ్రేమ్ వదిలేస్తుంది. ‘ఒక్కోసారి జవాబు వస్తుంది, ఒక్కోసారి రాదు’ అనే జబ్బుకు మొదట అనుమానించాల్సింది దీన్నే. యూజర్ స్పేస్‌లో టీసీడ్రెయిన్ వాడినా లోపల నడిచేది అదే కోడ్, కాబట్టి అక్కడికి పారిపోయినా లాభం లేదు.

దారులు మూడున్నాయి. ఒకటి, బోర్డులో ఆ గడువును 25 మిల్లీసెకన్లకు పెంచడం. రెండు, 6.0 కెర్నెల్ నుంచి సీరియల్ కోర్‌లో ఉన్న అడ్రస్ బిట్ సదుపాయం వాడటం. కానీ హార్డ్‌వేర్‌లో ఆ ఏర్పాటున్న యూఆర్ట్‌లకే అది పనికొస్తుంది, పీఎల్011కు కాదు. మూడోది మేము గట్టిగా చెప్పేది: బోర్డులు చేసినాయన అందుబాటులో ఉన్నాడు కాబట్టి తొమ్మిదో బిట్‌నే తీసేయించండి. 8 బిట్లు, ప్యారిటీ లేదు, ఒక స్టాప్. ఫ్రేమ్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కాబ్స్ పద్ధతితో గుర్తించవచ్చు. సున్నా బైటు ఫ్రేముల మధ్య గోడగా నిలుస్తుంది, 254 బైట్లకు ఒక్క బైటే అదనపు ఖర్చు. చివర 16 బిట్ల సీఆర్‌సీ (తప్పులు పట్టే సంఖ్య) పెట్టండి. కెర్నెల్‌లోని సీఆర్‌సీ16 ఫంక్షన్‌కు తొలి విలువగా 65,535 ఇస్తే మోడ్‌బస్ (పరిశ్రమల్లోని సీరియల్ ప్రోటోకాల్) వాడే సీఆర్‌సీయే వస్తుంది, బోర్డు వైపు కోడ్ ఎక్కడైనా దొరుకుతుంది. తొమ్మిదో బిట్ పెట్టేది తమది కాని బైట్లకు బోర్డులు లేవకుండా ఉండాలని. కానీ 260 మైక్రోసెకన్లకు ఒక ఇంటరప్ట్ (పని ఆపి చూడమనే సంకేతం) ఈ రోజుల్లో ఏ మైక్రోకంట్రోలర్‌కూ భారం కాదు.

బోర్డులను వెతికే పద్ధతి మీ ప్రోటోకాల్‌లో లేదు, కాబట్టి నలభై అడ్రసులూ డివైస్ ట్రీలో రాసేయండి. 1 నుంచి 254 దాకా ఒక్కొక్కటీ తట్టి చూద్దామనుకుంటే, లేని ప్రతి అడ్రస్‌కూ 20 మిల్లీసెకన్ల గడువు చొప్పున 4 సెకన్లకు పైనే పోతాయి. చేయాల్సే వస్తే వర్క్‌క్యూ (వెనక నడిచే పనుల వరుస)లో చేయండి, ప్రోబ్ (పరికరం దొరకగానే నడిచే ఫంక్షన్)లో వద్దు.

తీగల గురించి రెండు మాటలు. పాత ట్రాన్సీవర్ చిప్పులు ఒక జత మీద 32కు మించి నడవవు. మీవి 40. ఎనిమిదో వంతు లోడ్ ఉన్న చిప్పులైతే 256 దాకా పోవచ్చు. 120 ఓమ్‌ల రెసిస్టర్ రెండు చివర్లలోనే ఉండాలి, ప్రతి బోర్డు మీదా కాదు. పంపడం నుంచి వినడానికి మళ్లే పిన్ను ఆలస్యమైతే జవాబులో మొదటి బైటు పోతుంది, తొందరపడితే మీ ప్రశ్నలో చివరి బైటు తెగుతుంది. ఆ పిన్నును మీ కోడ్‌లో తిప్పకండి. యూఆర్ట్ డ్రైవర్‌కే అప్పజెప్పి, డివైస్ ట్రీలో ఆర్‌ఎస్485 లక్షణాలు రాయండి.

ప్రశ్న (హనుమకొండ, ఇంజనీరింగ్ విద్యార్థి): ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు తూచే కాంటా నమూనాను హెచ్ఎక్స్711 చిప్పుతో, కోల్డ్ స్టోరేజీలో తేమ, వేడి కొలిచే పరికరాన్ని డీహెచ్‌టీ22తో ప్రాజెక్టుగా చేస్తున్నాం. రెండిటికీ కెర్నెల్ మాడ్యూళ్లలో ఇంటరప్టులు ఆపేసి పిన్నులు చదువుతున్నాం. కాంటా అప్పుడప్పుడు పిచ్చి అంకెలు చూపిస్తోంది. డీహెచ్‌టీ చదివినప్పుడల్లా పక్కనున్న సీరియల్ పోర్టులో బైట్లు పోతున్నాయి. ఎందుకు?

జవాబు: ఇలాంటి సొంత ప్రోటోకాల్ ఏది చేతికొచ్చినా మొదట అడగాల్సింది గడియారం ఎవరి చేతిలో ఉందని. మీ రెండు చిప్పులూ ఇక్కడే పూర్తిగా వేరు.

హెచ్ఎక్స్711లో గడియారం మీ చేతిలో ఉంది. మీరు ఒక పల్స్ ఇస్తే అది ఒక బిట్ ఇస్తుంది. 24 పల్సులకు డేటా, ఆ పైన వచ్చే పల్సులు తర్వాతి కొలతకు చానెల్, గెయిన్ చెబుతాయి. మొత్తం 25 అయితే ఎ చానెల్, గెయిన్ 128. 26 అయితే బి చానెల్, 32. 27 అయితే ఎ చానెల్, 64. గడియారం పిన్ను లోలో ఎంతసేపున్నా చిప్పు ఓపిగ్గా ఆగుతుంది. హైలో 60 మైక్రోసెకన్లు దాటితే మాత్రం నిద్రలోకి జారుకుని, లేచాక గెయిన్ 128కి వెళ్తుంది. పిచ్చి అంకెలు అక్కడి నుంచే. పిన్ను హైలో ఉన్న ఆ ఒక్క మైక్రోసెకను మాత్రమే ఎవరూ అడ్డురాకుండా చూసుకోవాలి. మొత్తం 25 పల్సులకూ ఇంటరప్టులు ఆపాల్సిన పని లేదు. ఒక్కో పల్సుకు ఆపి వెంటనే తెరవండి.

డీహెచ్‌టీ22లో గడియారం దాని చేతిలో ఉంది. మీరు పిన్నును కాసేపు లోలో ఉంచి వదిలేస్తే అది 80 మైక్రోసెకన్లు లో, 80 హై ఇచ్చి, ఆపకుండా 40 బిట్లు పంపేస్తుంది. ప్రతి బిట్‌కూ 50 మైక్రోసెకన్ల లో, ఆ తర్వాతి హై 26–28 అయితే 0, 70 అయితే 1. అంతా 4 మిల్లీసెకన్ల పైచిలుకు. అంతసేపు ఇంటరప్టులు ఆపితే ఏమవుతుందో లెక్క వేయండి: 1,15,200 బాడ్‌లో ఒక బైటుకు 87 మైక్రోసెకన్లు, యూఆర్ట్ ఫిఫో (వచ్చిన బైట్లు ఆగే చోటు) 16 బైట్లయితే 1.4 మిల్లీసెకన్లకే నిండి పొంగిపోతుంది. మీ సీరియల్ బైట్లు పోయేది అందుకే.

సరైన పద్ధతి దీనికి వ్యతిరేకం. ఇంటరప్టులు తెరిచే ఉంచి, పిన్ను మారినప్పుడల్లా వచ్చే ఇంటరప్ట్‌లో టైమ్‌స్టాంప్ రాసుకుని, అంతా అయ్యాక తీరిగ్గా బిట్లు లెక్కగట్టాలి. కెర్నెల్‌లోని డీహెచ్‌టీ11 డ్రైవర్ చేసేది ఇదే, 22 రకాన్నీ అదే నడుపుతుంది. హెచ్ఎక్స్711కు కూడా ఐఐఓ (సెన్సర్ల సబ్‌సిస్టమ్) కింద డ్రైవర్ ఉంది. ప్రాజెక్టు కోసం మీరే రాసినా ముందు ఆ రెండు ఫైళ్లూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. గడియారం ఎవరిదన్న తేడా కోడ్‌లో ఎలా కనిపిస్తుందో అర్థమవుతుంది.

డీహెచ్‌టీ22ను 2 సెకన్లకు ఒకసారి కంటే వేగంగా అడగకండి. చెక్‌సమ్ తప్పితే లోపం సంకేతం తిరిగివ్వండి, పాత విలువను కొత్తదిలా చూపించకండి. నిల్వ గదిలో పొడవాటి తీగ లాగితే 4.7 కిలో ఓమ్‌ల పుల్-అప్ పెట్టినా అంచులు మొద్దుబారతాయి. గది అవతలి కొసకు ఆర్‌ఎస్-485 సెన్సరే నయం. పిన్ను ఐ2సీ ఎక్స్‌పాండర్ (అదనపు పిన్నులిచ్చే చిప్పు) మీద ఉంటే ఈ రెండు చిప్పుల్లో దేన్నీ నడపలేరు, ఎందుకంటే ఆ పిన్ను కదిలించడానికే కెర్నెల్ నిద్రపోవాల్సి వస్తుంది.

ఇంటరప్ట్ ఆలస్యం కూడా భరించలేనంత సన్నని టైమింగ్ ఉన్న ప్రోటోకాల్ అయితే దాన్ని ఉన్న హార్డ్‌వేర్ మీదికి మళ్లించే ఉపాయం వెతకండి. 1-వైర్ (ఒకే తీగ మీద నడిచే ప్రోటోకాల్)ను యూఆర్ట్ మీద నడిపే డ్రైవర్ 2024లో 6.9 కెర్నెల్‌లో చేరింది. రీసెట్‌కు 9,600 బాడ్‌లో ఒక బైటు, ఆ తర్వాత 1,15,200 బాడ్‌లో బిట్‌కొక బైటు. టైమింగ్ అంతా యూఆర్టే చూసుకుంటుంది. అదీ కుదరకపోతే బీగల్‌బోన్ బ్లాక్ బోర్డులోని పీఆర్‌యూలు (ప్రధాన ప్రాసెసర్‌తో సంబంధం లేకుండా నడిచే చిన్న ప్రాసెసర్లు) ఉన్నాయి. 200 మెగాహెర్ట్జ్, ఒక సూచనకు 5 నానోసెకన్లు, లినక్స్ ఎంత బిజీగా ఉన్నా వాటికి పట్టదు.

ప్రశ్న (కరీంనగర్ నుంచి): విత్తనాల డ్రయ్యర్‌లో వాడే ఒక సెన్సర్ చిప్పు ఐ2సీ అని చెప్పుకుంటుంది గానీ పూర్తిగా పాటించదు. రైట్‌కు, రీడ్‌కు మధ్య స్టాప్ ఇస్తేనే జవాబిస్తుంది, పైగా కమాండ్ బైటుకు అక్నాలెడ్జ్ (అందిందన్న సంకేతం) ఇవ్వదు. దీనికోసం కొత్త ఐ2సీ డ్రైవర్ రాయాలా?

జవాబు: అక్కర్లేదు. ఐ2సీ కోర్ ఇలాంటి మొండి చిప్పుల కోసం ప్రోటోకాల్ మాంగ్లింగ్ అనే ఏర్పాటు ముందే చేసి పెట్టింది. సందేశానికి ఇగ్నోర్_నాక్ ఫ్లాగు పెడితే అక్నాలెడ్జ్ రాకపోయినా ముందుకు సాగుతుంది. స్టాప్ ఫ్లాగు పెడితే సందేశాల మధ్య స్టాప్ పంపుతుంది. మీ కంట్రోలర్ వీటిని ఒప్పుకుంటుందా అన్నది ఐ2సీడిటెక్ట్‌కు పెద్ద ఎఫ్ ఆప్షన్ ఇస్తే వచ్చే పట్టికలో కనిపిస్తుంది. ఒప్పుకోకపోతే రెండు జీపీఐఓ పిన్నులతో ఐ2సీ-జీపీఐఓ డ్రైవర్ వాడండి. దానికి మాంగ్లింగ్ వస్తుంది.

స్టాప్ కోసం రెండు వేర్వేరు ట్రాన్స్‌ఫర్లు కూడా చేయవచ్చు. కానీ ఆ సందులో అదే బస్ మీదున్న ఇంకో డ్రైవర్ దూరవచ్చు. మీ చిప్పు అడ్రస్ చూడకుండా ఏ ట్రాఫిక్‌కైనా గందరగోళపడే రకమైతే అప్పుడు ముందు ఐ2సీ_లాక్_బస్ పిలిచి, తాళం వేయని రకం ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్‌ను రెండుసార్లు పిలిచి, తాళం తీయండి. మామూలు ఐ2సీ_ట్రాన్స్‌ఫర్‌ను లోపల పిలిస్తే అది తనకు తానే ఎదురుచూస్తూ శాశ్వతంగా ఆగిపోతుంది.

ఎవరైనా సొంత ఐ2సీ కంట్రోలర్ డ్రైవరే రాస్తుంటే ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ తిరిగివ్వాల్సింది నడిచిన సందేశాల సంఖ్య, సున్నా కాదు. సున్నా ఇస్తే పై డ్రైవర్లు దాన్ని వైఫల్యంగా లెక్కగడతాయి, ఆసిల్లోస్కోపులో మాత్రం అంతా సవ్యంగా కనిపిస్తుంది.

ప్రశ్న (మంచిర్యాల నుంచి): ఎస్‌పీఐ (చిప్పుల మధ్య సీరియల్ బస్) డిస్‌ప్లేకు 9 బిట్ల పదాలు కావాలి, మా కంట్రోలర్ 8 మాత్రమే ఇస్తుంది. స్పై_సెటప్ చెల్లని విలువ అంటోంది.

జవాబు: ఎనిమిది 9 బిట్ల పదాలు కలిస్తే 72 బిట్లు, అంటే సరిగ్గా 9 బైట్లు. కాబట్టి పదాలను ఎనిమిదేసి చొప్పున 9 బైట్లలో వరుసగా పేర్చి 8 బిట్ల డేటాగానే పంపండి. ఎనిమిది నిండకపోతే ఏమీ చేయని కమాండ్‌తో ఎడమ వైపు నింపాలి. మెజారిటీ డిస్‌ప్లే చిప్పుల్లో అది తొమ్మిది సున్నాలే. కుడివైపు నింపితే మీ కమాండ్‌కు, దాని పారామీటర్లకు మధ్యలో పడుతుంది. మొత్తం ఒకే స్పై_మెసేజ్‌లో పంపండి, లేకపోతే మధ్యలో చిప్ సెలెక్ట్ లేచిపోతుంది. బఫర్‌ను ఫంక్షన్‌లోని స్థానిక వేరియబుల్‌గా పెట్టకండి, కేమల్లాక్‌తో తీసుకోండి. స్టాక్ మెమరీ డీఎంఏ (ప్రాసెసర్ ప్రమేయం లేని డేటా బదిలీ)కు పనికిరాదు. ఒక బోర్డు మీద నడిచిన కోడ్ ఇంకో బోర్డు మీద చెత్త చూపించడానికి కారణం చాలాసార్లు ఇదే.

ప్రశ్న (జగిత్యాల నుంచి): పాత ట్యుటోరియల్ చూసి రాసిన బస్ డ్రైవర్ కొత్త కెర్నెల్‌లో కంపైల్ కావట్లేదు.

జవాబు: కెర్నెల్ లోపలి ఫంక్షన్ల రూపం మారకుండా ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేదు. మీకు తగిలేవి బహుశా ఇవే: బస్ టైప్‌లోని రిమూవ్ 5.15 నుంచి ఏమీ తిరిగివ్వదు. ఐ2సీ డ్రైవర్ రిమూవ్ 6.1 నుంచి అంతే. ఐ2సీ ప్రోబ్‌కు 6.3 నుంచి ఐడీ పారామీటర్ లేదు. క్లాస్_క్రియేట్ 6.4 నుంచి ఒక్క పారామీటరే తీసుకుంటుంది. మ్యాచ్ ఫంక్షన్‌కు వచ్చే డ్రైవర్ పాయింటర్ 6.11 నుంచి కాన్స్ట్ (మార్చరానిది). హెచ్చరికలు పోవాలని పాయింటర్లను బలవంతంగా క్యాస్ట్ చేయకండి, ఫంక్షన్ల రూపమే మార్చండి. రెండు తరాల కెర్నెళ్లకూ ఒకే కోడ్ కావాలంటే వెర్షన్ పరీక్షలను ఒకే హెడర్ ఫైల్లోకి చేర్చి, మిగతా కోడ్‌ను కొత్త రూపంలోనే రాయండి.

ప్రశ్న (వరంగల్ నుంచి): మా బస్ కోర్‌ను మెయిన్‌లైన్ (అధికారిక) కెర్నెల్‌కు పంపాలనుకుంటున్నాం. సమీక్షించేవాళ్లు ఏం అడుగుతారు?

జవాబు: ముందుగా అడిగేది వాడుకరి ఎవరని. కోర్ ఒక్కటే పంపితే తీసుకోరు. కనీసం ఒక కంట్రోలర్ డ్రైవర్, ఒక పరికర డ్రైవర్ అదే వరుసలో ఉండాలి. ప్యాచ్‌ల వరుస ఇలా పెట్టండి: డివైస్ ట్రీ బైండింగ్ (ఆ నోడ్ ఎలా రాయాలో చెప్పే వివరణ), కోర్, కంట్రోలర్, పరికరం. బైండింగ్ యామల్‌లో రాసి డీటీ_బైండింగ్_చెక్ నడపండి. చెక్‌ప్యాచ్‌ను స్ట్రిక్ట్ ఆప్షన్‌తో, గెట్_మెయింటెయినర్‌ను ప్రతి ప్యాచ్ మీదా నడిపి, మామూలు టెక్స్ట్ ఈమెయిల్‌గా గిట్ సెండ్-ఈమెయిల్‌తో పంపండి. తర్వాత వచ్చే ప్రశ్న ‘రెగ్‌మ్యాప్‌తో, సెర్‌డెవ్‌తో ఎందుకు కుదరలేదు?’ అని. దానికి జవాబు కవర్ లెటర్‌లోనే రాస్తే ఒక రౌండు మిగులుతుంది.

ఫైలు మొదటి వరుసలో జీపీఎల్-2.0 లైసెన్స్ గుర్తు పెట్టండి. మెయిన్‌లైన్‌కు పంపకపోయినా మాడ్యూల్_లైసెన్స్ మాక్రోలో జీపీఎల్ రాయడం తప్పనిసరే, కెర్నెల్ చూసేది దాన్నే. బస్_రిజిస్టర్ జీపీఎల్ మాడ్యూళ్లకే ఎగుమతి అయిన ఫంక్షన్, వేరే లైసెన్స్ రాసిన మాడ్యూల్‌కు అది దొరకనే దొరకదు.